కుడివైపు కింది మూల

నవీన్ కుమార్ వారానికి రెండు సాయంత్రాలు జమ్మలమడుగు బస్సు ఎక్కుతున్నాడని తెలిసిన రోజునుంచి జాకీర్‌కు తిన్న అన్నం ఒంటబట్టడం మానేసింది.

తెలియడం కూడా ఎవరో చెప్పి తెలియలేదు. అంగట్లో మేకుకు తగిలించిన నవీన్ చొక్కా జేబులోంచి బస్సు టికెట్టు తొంగిచూస్తుంటే, కింద పడిపోతుందేమో లోపలికి నెడదామని వెళ్ళి, నెట్టడానికి బదులు బయటికి లాగి చదివాడు. మర్యాదస్తుడు గనుక చదివాక మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు. మూడు రోజుల తర్వాత ఇంకో టికెట్టు. జమ్మలమడుగులో నవీన్‌కు చుట్టాలెవరూ లేరు. ఉన్న ఒక్క మేనత్త వరమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. ఆమె సమాధి రాయి మీద పేరు రాసింది జాకీరే కాబట్టి ఆ విషయంలో పొరపాటుకు తావు లేదు.

మరి యాడికి పోతున్నట్టు? ఎవరి దగ్గరికి?

అడగొచ్చు. "నవీనూ, జమ్మలమడుగులో ఏం పనప్పా?" అంటే అయిపోయేది. కానీ అనుమానం ఉన్న మనిషికి అడగడం చేతకాదు. అడిగితే అబద్ధం చెబుతాడేమోనని భయం, నిజం చెబుతాడేమోనని ఇంకా పెద్ద భయం. అందుకని జాకీర్ అడగలేదు, జేబులు చూస్తూ ఉండిపోయాడు.

ప్రొద్దుటూరులో 'జాకీర్ ఆర్ట్స్' అంటే ఒకప్పుడు తెలియని అంగడి లేదు. బంగారు అంగళ్ళ బోర్డులు, బట్టల అంగళ్ళ బోర్డులు, బడి గోడల మీద మన రాష్ట్రం పటం, లారీల వెనక తలుపులు, అన్నీ ఆ ఇద్దరి చేతుల మీదుగా వచ్చినవే. ఇరవై ఆరేళ్ళుగా పని పంచుకున్న తీరు ఒకటే. గీత జాకీర్‌ది, అక్షరం జాకీర్‌ది. నింపడం, వెనక రంగు, నీడలు, నిచ్చెన ఎక్కడం నవీన్‌వి. అంతా అయ్యాక బోర్డుకు కుడివైపు కింది మూలలో జాకీర్ సన్న బ్రష్షు తీసుకుని, ఊపిరి బిగబట్టి, అరవేలు ఎత్తున తన పేరు రాస్తాడు. బోర్డులు రాసేవాళ్ళందరికీ ఆ మూల అంటే గుడిలో గర్భగుడి అంత. అక్కడ రాసిన పేరే ఊళ్ళో తిరుగుతుంది, పనులు తెస్తుంది. ఇరవై ఆరేళ్ళూ నవీన్ ఆ మూల ఖాళీగా వదిలి మిగతాది నింపుతూ వచ్చాడు. ఒక్కనాడు కూడా ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఫ్లెక్సులు వచ్చాక ఆ పేరు గోడల మీద నుంచి ఒక్కొక్కటే రాలిపోయింది. ఇప్పుడు మిగిలింది ఫ్లెక్సుకు చేతకాని పనే. జాకీర్‌కు అరవై ఒకటి నిండాయి. కుడి భుజం చెవి దాటి పైకి లేవదు. నిచ్చెన వైపు చూస్తేనే మోకాళ్ళు ముందుగా సమాధానం చెప్పేస్తాయి. నవీన్‌కు నలభై ఎనిమిది. నవీన్ వెళ్ళిపోతే అంగడికి తాళం వేయాల్సిందే. ఇది జాకీర్‌కు తెలుసు, నవీన్‌కు తెలుసు, ఎదుటి టీ అంగడివాడికి కూడా తెలుసు. జాకీర్ గుండెల్లో ఉన్న భయమంతా ఆ ఒక్కటే.

దాని మీదికి పులివెందుల రఘునాథ్ వచ్చిపడ్డాడు.

రఘునాథ్ వాళ్ళది లింగాల వైపు గొర్రెలు మేపుకున్న కుటుంబం. అతను మాత్రం విశాఖపట్నం హార్బరులో పదకొండేళ్ళు క్రేను నడిపి, ఇల్లు చేరి, పులివెందులలో చేపల హోటలు పెడుతున్నాడు. గొర్రెల ఇంట పుట్టి చేపలు అమ్ముతావా అని నవ్వుతున్నారట. ఆ సంగతి అతనే నవ్వుతూ చెప్పాడు.

"గల్లా ఎనకాల గోడకు ఒక బొమ్మ కావాల మామా. హార్బరు బొమ్మ. పొద్దున్నే మంచు పడతాంటాదే, పడవలు సగం కనపడతా సగం కనపడక, నీళ్ళకూ ఆకాశానికీ తేడా తెలీకుండా... అట్ల."

"ఫోటో ఉంటే ఇయ్యప్పా. ఉన్నదున్నట్ల దింపుతా," అన్నాడు జాకీర్.

"ఫోటో మాదిరే కావాలంటే ఫ్లెక్సు కొట్టించుకుంటా గదా మామా? నాకు ఆడ నిలబడితే ఎట్లుంటాదో అట్ల కావాల."

జాకీర్ సముద్రం చూడలేదు. చూడకపోతేనేం, ఎక్కడ నిలబడి చూసినా పడవకు అంచు అంటూ ఒకటి ఉంటుంది గదా! అంచు లేని పడవను ఎలా గీస్తారు? ఎనామిల్ రంగుకు అంచు తప్ప ఇంకేం తెలుసు?

అప్పుడు వెనకనుంచి నవీన్ అన్నాడు: "నేను చేస్తా సార్. కాగితం మీద, నీళ్ళ రంగుల్లో."

ఇరవై ఆరేళ్ళలో గిరాకీ ముందు నవీన్ తనంతట తాను నోరు తెరవడం అదే మొదలు. రఘునాథ్ సంతోషపడి అతని ఫోన్ నంబరు రాసుకున్నాడు. జాకీర్ నంబరు రాసుకోలేదు. ఇది ముళ్ళు గుచ్చుకున్నట్టు గుచ్చుకుంది జాకీర్‌కు.

"నీళ్ళ రంగులు ఎప్పుడు నేర్చుకుంటివప్పా?" అని అడిగాడు గిరాకీ వెళ్ళాక.

"అప్పుడప్పుడు... ఇంటికాడ," అన్నాడు నవీన్ బ్రష్షులు తుడుచుకుంటూ. తలెత్తలేదు.

ఇంటికాడ! జాకీర్ టికెట్లను తలచుకున్నాడు. మనిషి తల వంచుకుని చెప్పే మాటలో నిజం ఎంత ఉంటుందో లెక్కగట్టాడు. తన లెక్కలో సున్నా వచ్చింది.

మరుసటి రోజునుంచి అంగడి వెనక గదిలో హార్బరు మొదలైంది. నవీన్ దళసరి కాగితాన్ని పలకకు నాలుగువైపులా టేపుతో అతికించి, స్పాంజితో నీళ్ళు పూసి, ఆ తడి మీద నీలం, దాని పక్కన కాస్త మట్టి రంగు వదిలాడు. రెండూ ఒకదాంట్లోకి ఒకటి పాకి, కలిసి, పలక వంచినవైపు కిందికి జారాయి.

"కారిపోతాందప్పా!" అని కేక పెట్టాడు జాకీర్. ఆయన జీవితంలో రంగు కారడమంత పాపం లేదు.

"కారనీ మామా. అదే కావాల్సింది."

కారనివ్వడమే పని అయితే ఇన్నేళ్ళు చెయ్యి వణకకుండా చూసుకున్నదెందుకు? సుద్ద రాసిన దారం పట్టి లాగి నిటారు గీతలు కొట్టిందెందుకు? జాకీర్ గొణుక్కుంటూ ముందు గదిలోకి వచ్చేశాడు. కానీ కూర్చోలేక గంటకోసారి నీళ్ళు తాగే వంకతో లోపలికి తొంగిచూశాడు. ఆ రోజుల్లో ఆయన తాగిన నీళ్ళకు లెక్క లేదు.

కాగితాలు ఏడెనిమిది పాడయ్యాయి. ఆ తర్వాతిది నిలబడింది. జాకీర్ ఒప్పుకోదలచుకోలేదు గానీ, చూడకుండా ఉండలేకపోయాడు. ఆకాశమంతా తడిసిన బూడిద రంగు. దాంట్లోంచి క్రేన్లు ఉన్నాయా లేవా అన్నట్టు రెండు మూడు నిలువు మరకలు. రేకుల షెడ్లు ఒకే దెబ్బలో పడ్డాయి, కిటికీల్లేవు, తలుపుల్లేవు, అయినా షెడ్లే అని తెలుస్తోంది. కింద నీళ్ళలో పడవల నీడలు విరిగి విరిగి కదులుతున్నాయి. మంచు ఎక్కడా వేసింది కాదు, రంగు వేయకుండా వదిలిన తెల్ల కాగితమే మంచు. వదిలేయడం కూడా పనేనా అనుకున్నాడు జాకీర్. ఇంత పని చేతిలో పెట్టుకుని ఇన్నేళ్ళు తన కింద రంగులు నింపాడా ఇతను? అలా ఎందుకుంటాడు? వేరే ఏదో దారి చూసుకునే ఉంటాడు!

చివరలో నవీన్ కొత్త ట్యూబులు బయటికి తీశాడు. గ్వాష్ అన్నాడు వాటిని. పిల్లకాయల పోస్టరు రంగుల్లాంటివే, కాకపోతే మేలురకం, చిక్కగా ఉంటాయి, కింద రంగు కనపడకుండా కప్పేస్తాయి అని చెప్పాడు. ఆ తెలుపులో చిటికెడు పసుపు కలిపి మంచులో రెండు దీపాలు పెట్టాడు. వట్టి తెలుపుతో నాలుగు కొంగల్ని ఎగరేశాడు. కప్పేస్తాయి అన్న మాట దగ్గర జాకీర్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఇంట్లో భార్య అఖ్తర్ బీతో ఈ సంగతి ఎత్తాడు. "నవీన్ పోయేటట్లుండాడు. సొంతంగా పెట్టుకుంటాడు సూడు."

"మీకేమన్నా పిచ్చా?" అంది ఆమె రొట్టె తిప్పుతూ. "మీకు జొరమొస్తే రాత్రంతా ఆస్పత్రిలో కూచున్న తమ్ముడు ఆయప్ప."

"అదే గదా! అంత మంచోడు అంత మంచిగా ఎందుకుండాడు అంట?"

అఖ్తర్ బీ కాలిన రొట్టెను ఆయన పళ్ళెంలో పడేసింది.

ఆ గురువారం నవీన్ ఎక్కిన బస్సు వెనక బస్సు ఎక్కి జాకీర్ జమ్మలమడుగు వెళ్ళాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని. బస్టాండు పక్క సందులన్నీ తిరిగి ఆవారాగాడిలా కుక్కలచేత మొరిగించుకుని, చివరికి ఒక ఇంటి అరుగు ముందు నవీన్ చెప్పులు గుర్తుపట్టాడు. ప్రహరీ అవతల వసారాలో నవీన్ ఒక పలక మీదికి వంగి ఉన్నాడు. పక్కన నెరసిన జుట్టు, లావు కళ్ళద్దాలు, ఒక పెద్దావిడ. ఎదుటి టీ బంకువాడు అడక్కుండానే చెప్పాడు, ఆమె హేమలత మేడం అనీ, డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యారనీ.

ఓహో, పాఠాలా! అంతవరకు జాకీర్ మనసు కుదుటపడింది. టీ కూడా చెప్పాడు. కానీ ముప్పై ఏళ్ళు చివరి బెంచీకి వినపడేలా మాట్లాడిన గొంతు ఆమెది. అది రోడ్డు దాటి వచ్చింది.

"బొమ్మ నీదప్పా. కింద నీ పేరే పెట్టుకో. వేరేవాళ్ళ పేరెందుకు?"

నవీన్ ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే గడ్డి ఎత్తిన ట్రాక్టరు ఒకటి ఊరంతా తనదే అన్నట్టు చప్పుడు చేస్తూ మధ్యలోంచి పోయింది. అది పోయేసరికి నవీన్ మాట అయిపోయింది. ఆమె నవ్వుతూ నవీన్ భుజం తట్టింది.

భుజం తట్టిందంటే ఒప్పుకున్నాడనే గదా? జాకీర్‌కు టీ చేదెక్కింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రొద్దుటూరు వచ్చేదాకా బొమ్మ కింద నవీన్ పేరును రకరకాల అక్షరాల్లో ఊహించుకుంటూ వచ్చాడు. ఏ అక్షరాల్లో ఊహించినా అవి తన అంగడి తలుపులు మూస్తున్నట్టే కనిపించాయి.

శుక్రవారం నవీన్ బొమ్మ మీద దినపత్రిక కప్పాడు. "దుమ్ము పడకుండా" అన్నాడు. ఇన్నేళ్ళు ఈ గదిలో దుమ్ము లేదా? ఎన్ని బోర్డులు ఈ దుమ్ములోనే ఆరలేదు? నమాజుకు పోయివచ్చి, నవీన్ టీకి వెళ్ళిన సందు చూసి, పత్రిక ఎత్తాడు జాకీర్.

కుడివైపు కింది మూల. అక్కడ తెల్లగా, చిక్కగా మంచు.

మిగతా చోట్ల మంచు అంటే వదిలేసిన కాగితం. ఈ మూలలో మాత్రం ట్యూబు తెలుపు, మందంగా రెండు పూతలు. వేలు దగ్గరగా పెట్టి చూశాడు. తెలుపు అంచు వెంబడి కింద ఏదో నల్లగా తొంగిచూస్తోంది. వంకర తిరిగిన గీత. 'న'కు అలాంటి వంకరే ఉంటుంది.

ఇప్పుడు అంతా తెలిసిపోయింది. పేరు ముందే రాసి పైన కప్పాడు. పులివెందులకు చేర్చి, గోడకు తగిలించాక, జాకీర్ ఇటు తిరగగానే అక్కడ తెలుపు గీకేస్తాడు. తన ముందే తన అంగట్లో తయారైన మోసం! ఆ రాత్రి జాకీర్ ఎంత నిద్రపోయాడో ఆయనకే తెలియాలి.

శనివారం పగలు నవీన్ అద్దం కోయించడానికి అమీర్ బాషా ఫ్రేముల అంగడికి వెళ్ళాడు. వెనక గదిలో జాకీర్, బొమ్మ ఇద్దరే మిగిలారు.

జాకీర్ తొందరపడ్డాడనడానికి లేదు. ఆయన ఆలోచించే చేశాడు. ఎలక్షన్ల సమయంలో ఒక పార్టీవాళ్ళ గోడ రాతల మీద ఇంకో పార్టీవాళ్ళు సున్నం కొడతారు. తడిగుడ్డ పెట్టి తుడిస్తే సున్నం పోయి, కింద ఎనామిల్ అక్షరాలు నిన్న రాసినంత నిగనిగలాడుతూ బయటపడతాయి. అలా ఎన్ని గోడలను తుడిచి, కింద రాసింది ఎవరి చెయ్యో చెప్పాడు! రంగును తీసేది టర్పెంటు, కిరసనాయిలు. నీళ్ళు రంగును ఏమీ చేయవు. నీళ్ళల్లో కలిపిన రంగే అయినా ఆరిందంటే ఆరిందే. ఎమల్షను కూడా నీళ్ళలో కలిపేదే గదా, గోడమీద ఆరాక వానకు కూడా పోదు. నలభై ఏళ్ళ పనిలో నేర్చుకున్న జ్ఞానం ఇది. జాకీర్ జాగ్రత్తగా టర్పెంటు డబ్బా దూరంగా జరిపి, మెత్తటి గుడ్డ మంచినీళ్ళలో తడిపి, పిండి, మూల మీద పెట్టాడు. పేరు చూసి, పైపైన మళ్ళీ తెలుపు పూసేస్తే సరి.

మొదటి తుడుపుకే తెలుపు పాలలా గుడ్డలోకి వచ్చేసింది. కింద ఉన్న నలుపు కూడా లేచి, తెలుపులో కలిసి, బురద అయింది. ఆ బురదను తీద్దామని రెండోసారి తుడిచాడు. దాని పైనున్న నీళ్ళ నీడలు కదిలాయి. కంగారులో గుడ్డ ఇంకో మడత తీసి అద్దాడు. గుడ్డలో మిగిలిన తడి జారి, పక్క పడవ పొట్ట కరిగింది, రేవు గట్టు కరిగింది, షెడ్డు కాళ్ళు నీళ్ళలోకి దిగిపోయాయి. జాకీర్ చేతులు గాల్లో ఆగిపోయాయి. బొమ్మ మాత్రం ఆగకుండా కారుతూనే ఉంది.

అక్కడ పేరు లేదు. కరిగిపోకముందు ఒక్క క్షణం స్పష్టంగా కనిపించింది జాకీర్‌కు. ఒక చిన్న పడవ. ముక్కు వంకరగా వచ్చిన పడవ.

వాకిట్లో చెప్పుల చప్పుడయింది. నవీన్ కాగితం చుట్టిన అద్దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, కాలితో తలుపు నెట్టుకుంటూ లోపలికి వచ్చాడు. బొమ్మ చూశాడు. జాకీర్ చేతిలో బూడిద రంగు కారుతున్న గుడ్డ చూశాడు. అద్దాన్ని తొందరలేకుండా గోడకు ఆనించి నిలబెట్టాడు.

"ఏం వెతుకుతాండావు మామా?"

పిల్లి దూకింది అందామా అని ఒక ఆలోచన వచ్చింది జాకీర్‌కు. గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

"నీ పేరు," అన్నాడు.

నవీన్‌కు అర్థం కాలేదు. జాకీర్ చెప్పాల్సి వచ్చింది. టికెట్లు, తువ్వాలు, జమ్మలమడుగు, మేడం మాట, ట్రాక్టరు, తెలుపు. చెబుతుంటే ఒక్కొక్కటీ వట్టి చెత్తలా తన చెవులకే వినపడింది.

"పడవ వంకరగా వచ్చింది మామా. అందుకని మూసేసినా. ఇంకేం లేదు ఆడ," అన్నాడు నవీన్. గొంతులో కోపం లేదు, జాకీర్‌కు అదే భయమేసింది. "జమ్మలమడుగు సంగతి చెప్తే నువ్వు నవ్వుతావని చెప్పలా. పిల్లకాయల రంగులంటావని. బోర్డులు ఎట్లా లేకపాయె. ఇదన్నా నేర్చుకుంటే అంగడి నాలుగు రోజులు నడుస్తాదనుకుంటి."

"మేడంకు ఏం చెప్పినావు? ట్రాక్టరు అడ్డమొచ్చి ఇనపళ్ళా నాకు."

"మా అంగట్లో పేరు ఒకటే మేడం, అది చాలు అన్నా."

జాకీర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇరవై ఆరేండ్లలో నేను యాడన్నా నా పేరు రాసినానా మామా?"

"లేదు."

"రాసుకో అని నువ్వు ఎప్పుడన్నా అంటివా?"

జాకీర్ దగ్గర ఉన్నదల్లా ఒక నిజం. నవీన్ పేరు ఆ మూలలో ఎక్కడ ప్రత్యక్షమవుతుందోనని తాను ఇన్నాళ్ళు భయపడింది, అది అక్కడ ఉండవలసిందేనని తన మనసుకు తెలుసు గనకే. మోసం చేసినవాడికే ఎదుటివాడిలో మోసం అంత తొందరగా కనపడుతుంది. ఎన్ని వేల బోర్డులు! సగం చెయ్యి నవీన్‌ది. మొత్తం పేరు తనది.

నవీన్ పాడైన కాగితం టేపు ఊడదీసి, కొత్త కాగితం అతికించి, స్పాంజి తడిపాడు. సోమవారం హోటలు తెరుస్తారు, రేపు బొమ్మ పులివెందుల చేరాలి. జాకీర్ నీళ్ళ గిన్నెలు మార్చాడు. అడగకుండానే బ్రష్షులు కడిగి వరసగా పెట్టాడు. పలక వంచాల్సి వచ్చినప్పుడు అటువైపు పట్టుకున్నాడు. రంగు కారుతుంటే నోరెత్తలేదు. మూడు గంటలు గడిచాయి. ఈసారి క్రేన్లు ఇంకా పలచగా వచ్చాయి, షెడ్లు రెండే మిగిలాయి, నీళ్ళు ఎక్కువయ్యాయి. మొదటి బొమ్మకన్నా ఇదే మేలని జాకీర్‌కు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి తనకు ఏ హక్కుందని ఊరుకున్నాడు.

దీపాలు పెట్టి, కొంగల్ని ఎగరేసి, నవీన్ సన్న బ్రష్షు అందుకున్నాడు. ముదురు నీలంలో ముంచి కుడివైపు కింది మూలకు వచ్చాడు.

"నేను రాసిస్తా నవీనూ," అన్నాడు జాకీర్ గబగబా. "నీ పేరే. చక్కగా రాస్తా. ఊర్లో ఎవురూ రాయలేనట్ల రాస్తా."

"వద్దు మామా."

నవీన్ అక్షరాలు ఎప్పుడూ రాయలేదు. 'న' తలకట్టు పక్కకు వాలింది. 'వీ' గుడి దీర్ఘం పక్క అక్షరం మీదికి పోయింది. 'కుమార్' వచ్చేసరికి చోటు చాలక వరస పైకి ఎక్కింది. బళ్ళో రెండో తరగతి పిల్లవాడు ఇంతకన్నా మేలుగా రాస్తాడు. జాకీర్ కుడిచెయ్యి దానంతటది లేచింది, ఒక్క తుడుపుతో ఆ తలకట్టును సరిచేయడానికి. ఆయన దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

బొమ్మ ఆరింది. దాన్ని ఫ్రేములో అద్దం వెనక పెట్టి, మేకులు బిగించి, పాత చీరలో చుట్టాడు నవీన్.

"రేపు పులివెందులకు నేనొక్కన్నే పోతాలే మామా. చర్చి అయినాక బస్సుంది."

"నవీనూ, పోతావా నువ్వు?"

పులివెందుల గురించి కాదని ఇద్దరికీ తెలుసు. నవీన్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, మేకుకున్న చొక్కా తీసుకున్నాడు.

"ఈ పొద్దు పగలు దాకా ఆ ఆలోచనే లేదు మామా నాకు."

జాకీర్ తల వంచుకున్నాడు. "సోమవారం... వస్తావు గదా?"

"చాపాడు బడి బోర్డు ఉండాది గదా. ఎనక రంగు ఇంకా ఒక పూత వెయ్యాల. అది అయ్యేదాకా వస్తా," అన్నాడు నవీన్. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా జాకీర్ గడపలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, మంగళవారానికల్లా ఇస్తానని మాట ఇచ్చిన చాపాడు హెడ్మాస్టరుకు ఫోను చేశాడు.

"బోర్డు ఆలస్యమయ్యేటట్లుండాది సార్."

"ఎన్ని రోజులు జాకీర్ బాయ్?"

జాకీర్ మూలనున్న బోర్డువైపు చూశాడు. పూత ఒకటి, అక్షరాలు నాలుగు వరసలు, నింపాదిగా చేసినా రెండు రోజుల పని.

"తెలీదు సార్," అన్నాడు. "శానా రోజులు పట్టేటట్లుండాది."